కొన్న పెట్టె, చుట్టిన పెట్టె

పాటల ట్రూపుల వాళ్ళందరికీ అతను గుయ్ డాక్టరు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా వాడుకలో లేదు. వేదిక మీద గిటారు తగిలించగానే స్పీకర్లలో గుయ్యిమని రొద మొదలైతే చాలు, "డాక్టరుగారికి కబురు పెట్టండయ్యా" అనేవాళ్ళు. అతను వచ్చేవాడు. ఎవరినీ పలకరించకుండా, వైర్ల వెంట వంగి వంగి నడిచి, ఒకచోట ఆగి, సంచిలోంచి అరచేతిలో పట్టే ఇనప పెట్టె ఒకటి తీసి మధ్యలో తగిలించేవాడు. రొద ఆగిపోయేది. రోగం కుదిరాక డాక్టరుతో ఎవరికి పని? వాళ్ళు వాయింపులో పడిపోయేవాళ్ళు, ఇతను వెనక కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపుకునేవాడు.

ఆ పెట్టెను డైరెక్ట్ బాక్స్ అంటారు. వాయిద్యంలోంచి వచ్చే శబ్దం చాలా బలహీనమైనది. వేదిక మీది నుంచి హాలు చివర శబ్దాలన్నిటినీ కలిపే మిక్సర్ దాకా పొడుగాటి వైర్లో వెళ్ళేసరికి, దారిలో లైట్ల కరెంటూ ఫ్యాన్ల కరెంటూ అన్నీ దానికి అంటుకుంటాయి. పెట్టె మధ్యలో ఉంటే అంటుకోవు. పెట్టె లోపల ఉండేది చిన్న ట్రాన్స్‌ఫార్మరు, అంటే ఇనప రేకుల చుట్టూ వెంట్రుకకన్నా సన్నటి రాగి తీగ, వేల చుట్లు. దుకాణాల్లో ఇవి కావలసినన్ని దొరుకుతాయి. మన డాక్టరు మాత్రం ఒక్కటీ కొన్న పాపాన పోలేదు. పాత కుట్టు మిషను చక్రాన్ని బల్లకు బిగించుకుని, ప్రతి చుట్టూ తన చేత్తోనే చుట్టేవాడు.

"కొన్నది" అన్న మాట అతని నోట్లో తిట్టు. "దాని లోపల ఎవడు చుట్టాడో, ఎంత శ్రద్ధగా చుట్టాడో నీకు తెలుసా? తెలీదు. మరి ఎలా తగిలిస్తావు?" అని ఎదురుగా ఉన్నవాణ్ణి కడిగేసేవాడు. తన పెట్టెల పక్కన కొన్న పెట్టె పెడితే వైర్లు పీకేసుకుని వెళ్ళిపోయిన రోజులున్నాయి. ఒక పెళ్ళి విందులో అలాగే వెళ్ళిపోతే గిటారు అతను వెంటపడి, బతిమాలి, రిక్షాలోంచి దింపుకు తెచ్చాడు. ముక్కు మీద కోపం. కానీ పనిలో వంక పెట్టడానికి లేదు కాబట్టి అందరూ పడేవాళ్ళు.

ఈ కోపిష్టి మనిషి కరిగేది ఒక్కరి దగ్గరే. అతని చెల్లెలు. పదకొండేళ్ళు చిన్నది. తండ్రి పోయాక ఆ పిల్లను పెంచింది ఇతనే, జడలు వేయడంతో సహా. తీగ చుట్టేటప్పుడు మాట్లాడితే లెక్క తప్పుతుంది. అందుకని వందకోసారి "ఊఁ" అనేవాడు. పక్కన స్టూలు మీద కూర్చున్న చెల్లెలు పలక మీద గీత గీసేది. ఊఁకీ ఊఁకీ మధ్య ఊరుకోలేక బల్ల అంచు మీద వేళ్ళు ఆడించేది. ఆ వేళ్ళు చూసే అతను ఒక పాత కీబోర్డు తెచ్చాడు. అందులో నాలుగు మీటలు పలికేవి కావు. వాటిని పలికించి, "ఇదిగో తల్లీ, ఇంక బల్లను వదిలెయ్" అన్నాడు.

ఆ అమ్మాయి వాయించడం ఎలా ఉండేదంటే, మెట్ల మీద పోయేవాళ్ళు ఆగేవాళ్ళు. ఇంటాయన అద్దె అడగడానికి వచ్చి అడక్కుండా పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇరవై మూడేళ్ళు వచ్చేసరికి ఒక పెద్ద ట్రూపులో చోటు దొరికింది. కీబోర్డుకి వెనక శబ్దం బయటికొచ్చే రంధ్రాలు రెండుంటాయి, ఎడమది ఒకటి, కుడిది ఒకటి. రెంటికీ చెరో పెట్టె కావాలి. అన్నయ్య నెల రోజులు కూర్చుని రెండు పెట్టెలు చుట్టి, ఆకుపచ్చ రంగు వేసి ఇచ్చాడు. ప్రతి కచేరీకీ తనే వెంట వెళ్ళి తగిలించేవాడు. వేదిక దిగాక ఆమె అడిగే మొదటి ప్రశ్న, "ఎలా వాయించానన్నయ్యా?" అతని జవాబు ఎప్పుడూ ఒకటే, "గుయ్యి లేదు." అంతకన్నా పెద్ద మెప్పు అతని దగ్గర లేదని ఆమెకు తెలుసు.

నాలుగేళ్ళు అలా గడిచాయి. అప్పుడు రేడియో వాళ్ళ పిలుపు వచ్చింది. పెద్ద హాల్లో కచేరీ, సాయంత్రం ఆరింటికి నేరుగా ప్రసారం. అందులో నాలుగు నిమిషాలు కీబోర్డు ఒక్కటే. ట్రూపు లీడరు అంతమంది మగవాళ్ళను కాదని ఆ నాలుగు నిమిషాలూ ఈమెకిచ్చాడు. ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు. అన్నయ్య కనిపించినవాళ్ళకల్లా "ఆదివారం ఆరింటికి, మర్చిపోకండి" అని చెప్పి, మళ్ళీ మర్నాడు వాళ్ళకే చెప్పాడు.

సరిగ్గా మూడు వారాల ముందు వ్యాను లోంచి సామాను దింపుతూ ఎవరో ఒక ఆకుపచ్చ పెట్టెను జారవిడిచారు. లోపలి తీగ తెగింది.

"తెగితే తెగింది. కొత్తది చుట్టి ఇస్తాను, మూడు వారాలుందిగా" అన్నాడు డాక్టరు.

చుట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. నచ్చలేదు. విప్పి మళ్ళీ చుట్టాడు. నచ్చలేదు. చెల్లెలు జీవితంలో ఇంత పెద్ద రోజుకి అలాంటిలాంటి పెట్టె ఇవ్వడమా? మూడోసారి మొదలుపెట్టాడు. శుక్రవారం సాయంత్రం చెల్లెలు వచ్చి పనిగది గుమ్మం దగ్గర నిలబడింది.

"అన్నయ్యా, అయిందా?"

"రేపు."

"మొన్న కూడా రేపనే అన్నావు."

"లెక్క తప్పించకు."

శనివారం మధ్యాహ్నం కూడా కాలేదు. ఆమెకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. బజారుకు వెళ్ళి ఒక పెట్టె కొనుక్కుంది. కొని, దాచడం చేతకాక, ఆదివారం పొద్దున దాన్ని తీసుకొచ్చి అన్నయ్యకు చూపించింది. అతను దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. మూతి ముడుచుకున్నాడు.

"బరువే లేదు. దీని కోసమా నేను ఇన్నాళ్ళూ చుట్టింది?"

"ఒక్కరోజుకే అన్నయ్యా. నీది అవగానే దీన్ని పారేస్తాను. సాయంత్రం వస్తావుగా తగిలించడానికి?"

"కొన్నదానికి నేనెందుకు? కొట్టువాడినే పిలువు."

ఆమె నవ్వబోయి, అతని మొహం చూసి మానేసింది. ఆ రోజు మొదటిసారి అతను చెల్లెలి వెంట వెళ్ళలేదు. ఇంత మాటకి అంత పట్టుదల దేనికని మీరు అడగొచ్చు. పొద్దున్నుంచీ అతని భార్య కూడా అదే అడిగింది. మాట పట్టింపు మనిషి, తెల్లారి లేస్తే అదే అతని కూడూ గుడ్డా.

సాయంత్రం ఆరయ్యేసరికి రేడియో ముందు కూర్చున్నాడు. భార్య, కింది వాటా వాళ్ళు, ఇంటాయన, అందరూ చేరారు. పాటలు అయ్యాయి. డప్పూ గిటారూ గొంతులూ అన్నీ చక్కగా వచ్చాయి. తర్వాత ఆమె నాలుగు నిమిషాలు. రేడియోలోంచి ఏదో వచ్చింది కానీ, అది పక్కింట్లో ఎవరో తలుపులు మూసుకుని వాయిస్తున్నట్టుంది. లోతు లేదు, బరువు లేదు. సన్నటి రేకు చప్పుడు లాంటిది వస్తూ పోతూ ఉంది. ఇంటాయన రేడియో మీద ఒకటి కొట్టి చూశాడు. తర్వాతి పాటలో గొంతు ఖంగుమంది. రేడియో బాగానే ఉంది.

హాల్లోనూ అదే వినిపించింది. మిక్సర్ దగ్గరి మనిషి మీటర్ల సూదులు చూస్తే రెండూ చక్కగా కదులుతున్నాయి, శబ్దం మాత్రం లేదు. కంగారుపడి రెంటినీ ఇంకా పెంచాడు. ఏమీ మారలేదు. కచేరీ ముందు ఎడమది విడిగా, కుడిది విడిగా చూసి రెండూ బాగున్నాయన్నాడు కదా, ఇక అతని తప్పేముంది? లీడరు వేదిక దిగాక ఒకే మాట అన్నాడు. "భయపడ్డావమ్మా. కంగారులో ఏదో బటన్ తప్పు నొక్కావు."

"లేదండీ, నా చెవుల్లో బాగానే వినిపించింది" అంది ఆమె. ఆమె చెవులకు హెడ్‌ఫోన్లున్నాయి. ఇంకెవరికీ లేవు.

మర్నాడు పొద్దున్నే రెండు పెట్టెలూ సంచిలో వేసుకుని అన్నయ్య పనిగదిలోకి వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "వీటిలో ఏదైనా ఉందేమో చూడన్నయ్యా. నేను ఏ బటనూ నొక్కలేదు. నొక్కలేదనే అనుకుంటున్నాను."

అతను మొదట తన ఆకుపచ్చ పెట్టెను తగిలించాడు. నిండుగా పలికింది. తర్వాత కొన్న పెట్టెను తగిలించాడు. దాంట్లో తప్పు దొరకాలని అతను ఎంత కోరుకున్నాడో చెప్పలేం. పీకాడు, కదిపాడు, తిరగేశాడు. అదీ నిండుగానే పలికింది. నిజాయితీ గల మనిషి కదా, లేని తప్పు ఉందని ఎలా అంటాడు?

"రెండూ బాగున్నాయి. పెట్టెల్లో తప్పేమీ లేదు."

"అయితే నేనేనా?"

అతను స్క్రూడ్రైవరు తీసి డబ్బాలో వేశాడు. తర్వాత, ఓదార్పు అనుకుని, "భయం ఎవరికైనా ఉంటుందిలే" అన్నాడు.

"నా చెవుల్లో బాగానే..."

"అది కీబోర్డు లోపలి శబ్దం తల్లీ. బయటికి పోయేది వేరు. కంగారులో మనిషికి ఏం వినిపించిందో కూడా గుర్తుండదు."

ఆమె "నువ్వు చూసి చెప్పావంటే అంతే" అని, రెండు పెట్టెలూ అక్కడే వదిలి మెట్లు దిగిపోయింది. లీడరు అన్న మాట ఆమె నమ్మలేదు. అన్నయ్య మాట నమ్మింది.

తర్వాతి కచేరీకి లీడరు వేరే మనిషిని పెట్టుకున్నాడు. వేరే ట్రూపు వాళ్ళు పిలిస్తే ఆమే వెళ్ళలేదు. రెండుసార్లు ఇంట్లో కూర్చుని వాయించబోయి, ప్రతి మీటకీ ముందు ఆగి బటన్ల వంక చూసుకుని, మూసేసింది. ఆరు నెలలకు కీబోర్డు ఎవరికో ఇచ్చేసింది. ఒక కంటి ఆసుపత్రిలో రోగులను వరస నంబర్లతో పిలిచే ఉద్యోగంలో చేరింది. పెళ్ళయింది, ఒక కూతురు పుట్టింది. అన్నయ్య ఇంటికి వస్తూనే ఉండేది, వదినతో నవ్వుతూనే ఉండేది. బల్ల అంచు మీద మాత్రం వేళ్ళు పెట్టేది కాదు.

ఇంతకన్నా బాధ కలిగించేది ఇంకొకటుంది, చెప్పకుండా దాటేయలేను. డాక్టరు ఆ కథను పదిమందిలో చెప్పేవాడు. ఎవరైనా "ఇంట్లో చేసిన పెట్టెలు నమ్మకం కాదండీ" అంటే, "నా పెట్టె ఏనాడూ మోసం చెయ్యలేదు. మా చెల్లెలి సంగతే చూడు, రేడియోలో అంత గొడవైంది, పెట్టెలో తప్పుందా? లేదు. పిల్ల భయపడింది" అనేవాడు. అందులో అబద్ధం ఉందని అతనికి తెలియదు. చెల్లెలి ముందు కూడా ఒకసారి అన్నాడు. ఆమె టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పందొమ్మిదేళ్ళు గడిచాయి. డాక్టరు నెత్తి నెరిసింది. చుట్టిన పెట్టెలు అడిగేవాళ్ళు తగ్గి, కొన్నవాటికి రిపేర్లు చేయమని వచ్చేవాళ్ళు మిగిలారు. గొణుక్కుంటూ చేసేవాడు. ఒకరోజు పొద్దున పదింటికి సంగీతం నేర్పే ఒక మాస్టారు రెండు పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఇతను ఎప్పుడో చుట్టింది, ఇంకొకటి కొన్నది.

"వీటితో విచిత్రంగా ఉందండీ. విడివిడిగా పెడితే బ్రహ్మాండంగా పలుకుతున్నాయి. కీబోర్డుకి రెండూ కలిపి పెడితే శబ్దం మాయం."

"కొన్నదాన్ని తెచ్చి నాదాని పక్కన పెడితే అంతే మరి" అని డాక్టరు నవ్వాడు. విడివిడిగా తగిలించాడు, రెండూ పలికాయి. రెంటినీ కలిపి తగిలించాడు. రేకు చప్పుడు వచ్చింది.

ఆ చప్పుడు అతనికి తెలుసు.

మాస్టారు ఏదో అంటున్నాడు, వినిపించలేదు. రెండు పెట్టెల మూతలూ విప్పి పక్కపక్కన పెట్టాడు. బయటికి వెళ్ళే చోట మూడు పిన్నులుంటాయి. మొదటిది ఎర్తుకి. రెండోదీ మూడోదీ శబ్దానికి. కొన్న పెట్టెలో శబ్దం ముందుకు తోసే తీగ రెండో పిన్నుకి ఉంది. తన పెట్టెలో మూడోదానికి ఉంది. చిన్నప్పుడు రేడియోలు బాగుచేసే ముసలాయన కాగితం మీద గీసి నేర్పినట్టే, ముప్పై ఏళ్ళుగా ప్రతి పెట్టెలోనూ మూడోదానికే. ఆ రోజుల్లో కొందరు అలా, కొందరు ఇలా తగిలించేవాళ్ళు. తర్వాత అంతా రెండోదానికి మారిపోయారు. ఇతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పేంత దగ్గరికి ఇతను ఎవరినీ రానివ్వలేదు కూడా.

తన పెట్టె ఒంటరిగా ఉంటే ఏ నష్టమూ లేదు. తన పెట్టెలు రెండు కలిపినా నష్టం లేదు, రెండూ ఒకే తిరకాసు. కానీ ఒకే వాయిద్యానికి ఒకవైపు తనది, ఇంకోవైపు కొన్నది పెడితే, రెండు శబ్దాలూ మిక్సర్లో ఒకటిగా కలిసేటప్పుడు, తలుపుకి అటొకరూ ఇటొకరూ నిలబడి సమానంగా నెట్టినట్టే. ఎంత గట్టిగా నెడితే తలుపు అంత గట్టిగా కదలకుండా ఉంటుంది. ఆ రోజు మిక్సర్ దగ్గరి మనిషి రెంటినీ పెంచింది అందుకే దండగైంది.

మాస్టారుని రేపు రమ్మని పంపేశాడు. అటక మీంచి చెల్లెలు వదిలిపోయిన సంచి దింపాడు. ఆకుపచ్చ పెట్టెకీ, కొన్న పెట్టెకీ దుమ్ము తుడిచి, ఇన్నేళ్ళకు మొదటిసారి రెంటినీ కలిపి తగిలించాడు. అదే రేకు చప్పుడు. ఆ రోజు ఈ రెంటినీ కలిపి ఒక్క నిమిషం చూసి ఉంటే సరిపోయేది. తన పెట్టె పక్కన కొన్నదాన్ని పెట్టడానికి మనసొప్పక, ఒకదాని తర్వాత ఒకటి చూశాడు. బల్ల మీద తల ఆనించి ఏడ్చాడు. అతను ఏడవగా భార్య చూడటం అదే మొదలు.

విషయం విన్నాక ఆవిడ, "ఇప్పుడు చెప్పి ఏం లాభమండీ? ఉన్న మనశ్శాంతి కూడా పోతుందేమో" అంది. మళ్ళీ తనే, "చెప్పకపోతే మీరు ముద్ద మింగలేరులెండి, వెళ్ళిరండి" అంది.

చెల్లెలు డ్యూటీ దిగి ఇంటికి వచ్చి, ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటోంది. "ఏంటన్నయ్యా, ఈ వేళప్పుడు? వదిన బాగానే ఉందా?" అంటూ కుర్చీ మీది బట్టలు తీసి చోటిచ్చింది. అతను కూర్చోలేదు. నిలబడే చెప్పాడు, మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని. మూడో పిన్ను సంగతి, కాగితం సంగతి, తలుపు సంగతి అన్నీ చెప్పాడు. "నీ తప్పు లేదు తల్లీ. నువ్వు ఏ బటనూ నొక్కలేదు. తప్పు నా పెట్టెది. నాది" అన్నాడు.

ఆమె చేతిలోని చొక్కా సగం మడతలో ఆగిపోయింది.

"అంటే ఒకటి ముందుకు తోస్తే ఇంకొకటి వెనక్కి లాగిందా?"

"అంతే."

"నేను ఆ పెట్టె కొనకపోతే..."

"కొనడంలో తప్పు లేదమ్మా. నేను రాకపోవడం తప్పు. వచ్చి ఉంటే అక్కడే తెలిసేది. మర్నాడైనా రెంటినీ కలిపి చూడకపోవడం తప్పు. చూడకుండానే నీ మీదికి నెట్టేశాను. నన్ను తిట్టు తల్లీ, రెండు దెబ్బలు వెయ్యి, ఏదో ఒకటి అను."

ఆమె తిట్టలేదు. చొక్కా మడత పూర్తిచేసి, మిగతా బట్టల మీద పెట్టి, దాన్ని అరచేత్తో రెండుసార్లు సాపు చేసింది. నలభై ఆరేళ్ళ మనిషి. ఆసుపత్రి యూనిఫారం ఇంకా విప్పలేదు. తల ఎత్తి అన్నయ్య వంక చూసినప్పుడు, ఆ మొహంలో కోపం ఉంటుందేమోనని అతను వెతికాడు. లేదు. ఒకప్పుడు వేదిక దిగి వచ్చినప్పటి ఆత్రం ఉంది.

"అయితే ఆ రోజు నేను బాగానే వాయించానా, అన్నయ్యా?"

బాగా వాయించావని చెబుదామంటే అతను వినలేదు. హాల్లో ఉన్న అంతమందిలో ఎవరూ వినలేదు. రేడియోలు పెట్టుకుని కూర్చున్నవాళ్ళెవరూ వినలేదు. ఆ నాలుగు నిమిషాలూ విన్నది లోకంలో ఆమె ఒక్కతే. ఆమె విన్నదాన్ని నమ్మవద్దని చెప్పింది తనే.